మూడు గంటల తడి

తిరువళ్ళూరు
16 మార్చి 2025

ప్రియమైన అన్నకు,

నివేద రాసేది. నిన్న సాయంత్రం మీ వీధి కార్తికేయన్ ఇక్కడి కంపెనీ వదలగానే నేరుగా మా ఇంటికి వచ్చి నీ మాట చెప్పాడు. అమ్మ మగ్గం షెడ్డులో మళ్ళీ మగ్గాలు పెడతావట. సెల్లమ్మక్కా ఇంకో ముగ్గురూ వచ్చి నేస్తామన్నారట. కానీ మే నెల కత్తిరి ఎండల్లో ఆ సిమెంటు రేకుల కింద కూర్చోలేమంటున్నారట. ఎంత చల్లదనం కావాలో నన్ను లెక్కకట్టి ఇమ్మన్నావట.

మనం మాట్లాడుకుని రెండేళ్ళు కావస్తోంది. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేస్తే రెండో మాటకే మన గొంతులు లేస్తాయి. అందుకే ఉత్తరం. తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో, తప్పులుంటే నవ్వుకో.

ఆ షెడ్డుకి నేను ఇదివరకే ఒకసారి లెక్క కట్టాను కదా. ఒకటిన్నర టన్ను ఏసీ పంపాను, తిరుత్తణిలో నిన్ను మించిన ఏసీ మెకానిక్ లేడు కాబట్టి నువ్వే బిగించావు. రోజూ భోజనం వేళ ఫోన్ చేస్తే వెనక దాని చప్పుడు వినబడేది. "చల్లంగా ఉండాది పాపా" అనేది అమ్మ. నెల తిరక్కుండానే ఆ ఏసీ కిందే వడదెబ్బ తగిలి పోయింది. ఆ రోజు ఏసీ ఆగి ఉంది. కర్మ నాడు పదిమందిలో నిన్ను అడిగాను, "ఊరందరి ఏసీలూ చూస్తావు, అమ్మది ఒక్కటి చూళ్ళేకపోయావా?" అని. నువ్వు నోరు తెరవలేదు. అది చెడిపోయిందా, అమ్మే ఆపిందా, ఇప్పటికీ నాకు తెలియదు. తెలియకుండా అదే షెడ్డుకి ఇంకో లెక్క కట్టాలంటే చెయ్యి ఆడటం లేదు. నీకు తెలిస్తే చెప్పు.

ఇక పని మాట. దీనితో ఒక చిన్న పెట్టె పంపుతున్నాను. పది నిమిషాలకొకసారి గదిలోని వేడినీ, గాలిలోని తడినీ రాసుకుంటుంది. షెడ్డులో ఇంటర్నెట్ లేదు కాబట్టి రాసుకున్నదంతా లోపలి కార్డు మీదే ఉంటుంది. అమ్మ కూర్చునే చోట, తల ఎత్తులో కట్టు. తలుపుకి తాళం వెయ్యి. పన్నెండు రోజులు ఎవరూ లోపలికి పోకూడదు. ఖాళీ షెడ్డు ఎలా వేడెక్కుతుందో ముందు తెలియాలి, ఆ తర్వాతే అందులో మనుషుల్ని కలుపుతాను. అయ్యాక కార్డు కార్తికేయన్ చేతికివ్వు.

నీ చెల్లెలు,
నివేద

*

తిరుత్తణి
3 ఏప్రిల్ 2025

చెల్లెలు నివేదకు అన్న ఆశీస్సులు.

నీ అక్షరాలు ఇంకా జాంగ్రీల్లాగానే ఉన్నాయి. చదవడానికి రెండు కాఫీలు పట్టినాయి. నేనైతే తమిళంలో గబగబా రాసేద్దును, కానీ పలక మీద రోజుకు పది వరసల తెలుగు రాయించిన అమ్మ ఇప్పుడు కూడా వెనక నుంచి మొట్టుతాదని భయం.

పెట్టె కట్టినాను. నువ్వు చెప్పిన చోటే, చెప్పిన ఎత్తులోనే. మార్చి 22 నుంచి నిన్నటి దాకా. తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. లోపలికి చీమ కూడా పోలేదు, సరేనా? కార్డు ఈ కాగితం మడతలో ఉంది. కార్తికేయన్‌ని జేబులో పెట్టుకోమన్నాను, టిఫిన్ డబ్బాలో వద్దన్నాను.

అమ్మ మగ్గం అట్లాగే ఉంది. కిటికీ కింద, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే గుంటలో ఎక్కడిదక్కడే. సగం నేసిన చీర దాని మీదే ఉంది, పడుగు విప్పలేదు. కొత్త మగ్గాలు నాలుగు తెప్పిస్తాను, దాన్ని మాత్రం కదిలించను. సెల్లమ్మక్క అమ్మ పక్కన కూర్చొని నేసిన మనిషి కదా, ఆ షెడ్డంటే ఇప్పుడు కొంచెం జంకుతుంది. మొన్న నన్ను నిలబెట్టి, "మురళీ, మూడయితే చాలురా, మీ షెడ్డు కాడ తడి మట్టి వాసన వస్తాది. మీయమ్మ యాడికీ పోలేదు" అన్నది. తల ఊపి వచ్చేసినాను.

నువ్వు అడిగిన మాట చదివినాను. దానికి జవాబు ఈ ఉత్తరంలో లేదు.

కంప్యూటర్లో నువ్వు చేసేది ఏమిటో నాకు అర్థమయ్యేటట్టు ఒకసారి రాయి. ఏసీ బిగించేవాడికి ఏసీ లెక్క తెలియదంటే కొండ మీది మురుగన్ కూడా నవ్వుతాడు.

నీ అన్న,
మురళీధరన్

*

తిరువళ్ళూరు
13 ఏప్రిల్ 2025

ప్రియమైన అన్నకు,

ముందు నువ్వు అడిగింది. నేను చేసేది బొమ్మరిల్లు ఆట. కంప్యూటర్లో మన షెడ్డు లాంటి షెడ్డు కడతాను. గోడ ఎంత మందం, రేకు ఏ రకం, కిటికీ ఏ దిక్కు, లోపల ఎందరు మనుషులు, బయట ఎండ ఎంత, అన్నీ చెబుతాను. ఏ గంటకి లోపల ఎంత వేడి, ఎంత తడి ఉంటుందో అది చెబుతుంది. దాన్ని బట్టి ఏ సైజు యంత్రం కావాలో తేలుతుంది. ముందు ఖాళీ షెడ్డుని కట్టి, నీ పెట్టె రాసుకున్న గీత మీద నా గీత పడుతుందో లేదో చూసుకోవాలి. పడకపోతే నా బొమ్మరిల్లులో ఎక్కడో తప్పుందన్న మాట.

మొదటిసారి అస్సలు పడలేదు. వెతికితే రెండు తప్పులు దొరికాయి. ఒకటి, నేల. చెప్పకపోతే ఆ సాఫ్ట్‌వేర్ నేల చల్లదనం పద్ధెనిమిది డిగ్రీలనుకుంటుంది. ఏ మంచుదేశం వాళ్ళు రాశారో! చెప్పుల్లేకుండా తిరుత్తణి కొండ మెట్లు ఒకసారి ఎక్కిస్తే తెలిసేది. రెండు, ఎండ లెక్క. మనకు దగ్గర్లో దొరికేది చెన్నై మీనంబాకం విమానాశ్రయం లెక్క. అక్కడ మధ్యాహ్నానికే సముద్రపు గాలి తిరుగుతుంది. మన దాకా అది ఎప్పటికొస్తుంది? వచ్చేసరికి రాత్రి అన్నాలు తినేసి ఉంటాం. రెండూ సరిచేశాను. గీతలు అతుక్కున్నాయి.

మూడు గంటలకి తప్ప.

అన్నా, రోజూ మధ్యాహ్నం మూడింటికి నీ పెట్టెలో తడి ఒక్కసారిగా లేస్తుంది. వేడి రెండు డిగ్రీలు దిగుతుంది. అయిదు దాటాక మెల్లగా సర్దుకుంటుంది. తాళం వేసిన గది. వాన లేదు. రేకు చిల్లు పడిందేమో, పక్కింటి తొట్టి పొర్లుతోందేమో అని అన్నీ పెట్టి చూశాను. ఏదీ కుదరలేదు. చివరికి విసిగి, తమాషాకి, మూడింటికి నేల మీద ఒక బిందె నీళ్ళు చల్లినట్టు పెట్టాను. తడి గీత అచ్చు గుద్దినట్టు పడింది. కానీ వేడి గీత కొంచెం కిందికి జారింది, ఏదో చిన్న వేడి తక్కువైంది. మూడు నుంచి అయిదు దాకా ఒక మనిషిని కూర్చోబెట్టాను. అదీ పడింది.

ఒక బిందె, ఒక మనిషి.

ఇంకో మాట కూడా ఉంది. పన్నెండు రోజుల్లో ఒక్క రోజు మాత్రం ఏమీ లేదు. మార్చి 29. క్యాలెండర్ చూశాను. అమావాస్య. నేతగాళ్ళ సెలవు. అమావాస్య నాడు అమ్మ మగ్గం ముట్టేది కాదు, నేల తడిపేది కాదు.

నేను ఇంజనీర్ని. ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. కానీ నాలుగు రోజులుగా మూడయ్యేసరికి కంప్యూటర్ మూసేసి వాకిట్లోకి వచ్చి కూర్చుంటున్నాను. ఆ షెడ్డులో ఎవరున్నారు?

నీ చెల్లెలు,
నివేద

*

తిరుత్తణి
16 ఏప్రిల్ 2025

నివేదకు,

ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. భయపడొద్దు. సొంత అమ్మకు ఎవరైనా భయపడతారా?

పెట్టె చెడిపోలేదు. అది అబద్ధం చెప్పదు. అందుకే నిన్ను లెక్క కట్టమన్నాను.

నేను పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడేవాణ్ణి కాదని నీకు తెలుసు. కానీ ఈ ఒక్క విషయంలో నా నోరు కట్టేసి ఉంది. నువ్వు నన్ను అడిగితే చెప్పలేను. నీకుగా నువ్వు కనుక్కుంటే కాదనలేను. అంతే.

అమ్మ కోసం నువ్వు కట్టిన పాత లెక్క ఇంకా దాచి ఉంటావు. దాన్ని తెరువు. వేడి చూడొద్దు, వేడి నువ్వు బాగానే చూసినావు. తడి చూడు.

అన్న,
మురళీధరన్

*

తిరువళ్ళూరు
28 ఏప్రిల్ 2025

ప్రియమైన అన్నకు,

తెరిచాను. తెరవడానికి పది రోజులు పట్టింది. ఆ ఫైలుకి నేను పెట్టుకున్న పేరు "అమ్మ".

సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఉంటుంది, గదిలోని తడిని కూడా చూపించాలా అని. నేను దానికి టిక్కు పెట్టనే లేదు. ఆఫీసు గదులకి, ఆసుపత్రి వార్డులకి లెక్క కట్టీ కట్టీ అదే అలవాటు. లోపల "ఒక మనిషి, కూర్చొని చేసే తేలిక పని" అని రాశాను. మగ్గం అని ఎక్కడా రాయలేదు. పడుగు అని రాయలేదు.

మొన్న టిక్కు పెట్టి మళ్ళీ నడిపాను. ఏసీ వేస్తే షెడ్డులో తడి నలభై అయిదు శాతానికి పడిపోతుంది. నూలు తెగకుండా నడవాలంటే డెబ్భై అయినా ఉండాలి. పైగా ఆ గాలి నేరుగా పడుగు మీదికే కొట్టేటట్టు నేనే బొమ్మ గీసి పంపాను, అమ్మ ముఖానికి చల్లగా తగలాలని.

అన్నా, నేను నేతగాళ్ళ ఇంటి పిల్లని. స్కూలు లేని రోజుల్లో మూడింటికి బిందెతో నీళ్ళు తెచ్చే పని నాదే. నేను తెస్తే అమ్మ మట్టి నేల మీద చిలకరించేది. "నూలుకి దాహం ఎక్కువ పాపా, మనకన్నా ముందు దానికి పొయ్యాల" అనేది. వీధిలో ఎవరిని అడిగినా చెప్పే ముక్క అది. కన్నతల్లికి చల్లదనం లెక్క కట్టేటప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పనక్కర్లేదు, నేనే చెబుతాను, అవునో కాదో అను. ఏసీ వేస్తే దారాలు తెగాయి. అందుకని అమ్మ ఆపేసింది. నేను బాధపడతానని నాకు చెప్పలేదు. నీకు తెలుసు.

కానీ ఒకటి కుదరడం లేదు. రోజూ ఫోన్లో నేను ఏసీ చప్పుడు విన్నాను. నా చెవులతో విన్నాను. అదెలా?

నివేద

*

తిరుత్తణి
2 మే 2025

నా చెల్లెలు నివేదకు,

అవును.

నువ్వే కనుక్కున్నావు కాబట్టి ఇక ఒట్టు తప్పినట్టు కాదు. కొండ విభూతి నా చేతిలో పెట్టి ఒట్టు వేయించుకుంది అమ్మ. "పాపకు చెప్పొద్దురా. నా కోసరం అన్ని లెక్కలేసి పంపించింది. పనికి రాలేదంటే దాని మనసు ఇరిగిపోతాది" అన్నది. నా నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పుడు ఊరంతా చాటేదానివి కదా, చూడు, రెండేళ్ళు నానింది. నేను చెప్పనని ఒట్టు వేసినాను. పెట్టె చెప్పదని ఒట్టు వేయలేదు. ఆ సందు దొరకడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది.

బిగించిన రెండో రోజే పడుగులో నలభై పోగులు తెగినాయి. నేను రెక్కలు పైకి తిప్పినాను, ఫ్యాన్ తగ్గించినాను, ఇంకో గోడకి మారుస్తానన్నాను. "వద్దులే, పాప పంపించినట్టే ఉండనీ" అన్నది. నీ ఫోన్ మోగితే ముందు రిమోట్ నొక్కేది, తరువాత ఫోన్ ఎత్తేది. నువ్వు పెట్టేయగానే ఆపేది. ఆ పది నిమిషాలు మగ్గం మీద తడిగుడ్డ కప్పి ఉంచేది. నువ్వు విన్న చప్పుడు అదే.

నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఒట్టు గట్టున పెట్టి నీకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ వారమే వేరే దారి చూసేదానివి. కర్మ నాడు నువ్వు అందరి ముందూ అడిగినప్పుడు నేను నోరు తెరవనిది ఒట్టు కోసమే కాదు, నువ్వు అడిగింది న్యాయమే అనిపించింది.

ఆ రోజు నేను తిరువాలంగాడులో ఎవరింట్లోనో ఏసీ బిగిస్తున్నాను. నాలుగున్నరకి వచ్చి చూస్తే అమ్మ మగ్గం గుంటలోనే కూర్చొని, పడుగు మీదికి వాలి ఉంది. బిందె పక్కనే. నేల ఇంకా తడిగా ఉంది. మూడింటికి లేచి నూలుకి నీళ్ళు పోసింది, తాను తాగలేదు. నా కళ్ళ ముందు నుంచి ఆ తడి నేల పోదు, పాపా.

పడుగు విప్పడానికి నాకు మనసు రాలేదు. ఎండకి వదిలేస్తే పోగులు ఎండి తెగిపోతాయి. అందుకని రోజూ మూడింటికి వెనక సందులో నుంచి కిటికీ రెక్క తీసి, ఒక బిందె నీళ్ళు చెంబుతో నేల మీద చిలకరించి మూసేస్తాను. పని ఎక్కడున్నా ఆ వేళకి బండి వేసుకొని వచ్చేస్తాను. కనకమ్మ సత్రం ఊరి నుంచి కూడా వచ్చినాను. అమావాస్యకి పొయ్యను, అమ్మ పొయ్యదు కాబట్టి. రెండేళ్ళలో ఒక్క పోగు తెగలేదు. సెల్లమ్మక్కకి వచ్చే వాసన అదే. చెబితే పిచ్చివాడంటుందని చెప్పలేదు.

నువ్వు ఎవరూ లోపలికి పోకూడదన్నావు. నేను పోలేదు. అమ్మను బయటికి తెచ్చిన తరువాత ఆ గడప దాటింది రెండే సార్లు, నీ పెట్టె కట్టేటప్పుడు, విప్పేటప్పుడు. లోపల కూర్చునే ధైర్యం నాకు లేదు.

నీ బిందె నేనే. ఇక నీ ఇష్టం. తిడతావో, లెక్క కడతావో.

నీ అన్న,
మురళి

*

తిరువళ్ళూరు
11 మే 2025

నా ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం చదివి ఒక పూట ఏడ్చాను. రెండో పూట నీ మీద కోపం వచ్చింది. మూడో పూటకి నా మీద వచ్చింది, అది ఇంకా పోలేదు, పోదేమో కూడా. పదిమందిలో నిన్ను అన్న మాట మళ్ళీ ఆ పదిమందిలోనే వెనక్కి తీసుకుంటాను. సెల్లమ్మక్కని పిలిచి ఉంచు. నన్ను క్షమించు అన్నా. రెండేళ్ళు నా మాట మోస్తూ, రోజూ ఒక బిందె కూడా మోశావు.

లెక్క దీనితో పంపుతున్నాను. ఏసీ కాదు. తడి మెత్తల గుండా గాలిని లాగి పంపే పెద్ద కూలర్, గోడ బయట పెట్టాలి. మన పడమటి పొడి గాలికి అది బాగా పనిచేస్తుంది. గాలి నేల వెంబడే రావాలి, నేసేవాళ్ళ వీపుకి తగలాలి, పడుగుకి తగలకూడదు. రేకుల మీద అల్లిన కొబ్బరాకుల కీతులు రెండు వరసలు కప్పించు. పది రకాలుగా నడిపి చూశాను. కత్తిరి ఎండల్లో కూడా లోపల ముప్పై ఒకటి దాటదు. తడి డెబ్భై అయిదు. ఏసీ అంత చల్లన కాదు, కానీ మగ్గం ఆడే చల్లన. ఈసారి ఆ గడికి టిక్కు పెట్టాను, కంప్యూటర్ పక్కన ఒక కాగితం మీద "నూలుకి దాహం" అని రాసి కూడా అంటించుకున్నాను.

ఇంకొకటి ఉంది. నవ్వితే నవ్వు.

బిందె నువ్వే అన్నావు కాబట్టి ఖాళీ షెడ్డు లెక్క మళ్ళీ తీశాను. బిందె ఉంచి మనిషిని తీసేశాను, లోపల ఎవరూ లేరు కదా. వేడి గీత మళ్ళీ జారింది. నువ్వు కిటికీ తెరిచిన కాసేపు లోపలికి వచ్చే వేడిగాలి కూడా కలిపాను. చాలలేదు. గోడలు మార్చాను, రేకు మార్చాను, నేల మార్చాను. మూడు నుంచి అయిదు దాకా ఎవరో ఒకరు కూర్చుంటే తప్ప ఆ గీత అతకడం లేదు. అంత చిన్న వేడిని పట్టుకుని ఏ ఇంజనీరూ సాక్ష్యం చెప్పకూడదు. ఆఫీసులో చూపిస్తే ఒక పూట సెలవు పెట్టి పడుకోమంటారు. దొరకని తప్పుంటే దొరికేదాకా వెతకాలి, అది నా వృత్తి. ఇక్కడ వెతకడం మానేశాను.

నలుగురు నేసేవాళ్ళకి లెక్క అడిగావు. నేను అయిదుగురికి కట్టాను.

వచ్చే ఆదివారం పొద్దున రైలుకి వస్తున్నాను. ఆ రోజు నువ్వు కిటికీ దగ్గరికి రావద్దు. మూడింటికి బిందె నేను తెస్తాను, తలుపు తీసి, లోపలికే. నువ్వూ రా, గడప దాకా వస్తే చాలు, అక్కణ్ణుంచి నేను చెయ్యి పట్టుకుంటాను. ముందు నూలుకి పోస్తాం, తర్వాత ఒక చెంబు మంచినీళ్ళు మగ్గం పక్కన పెడతాం.

సెల్లమ్మక్కకి కూడా చెప్పు, షెడ్డు తెరిచాక అందరి పనీ అమ్మ పద్ధతిలోనే నడుస్తుందని. అమావాస్య నాడు కూలర్ వెయ్యొద్దు, నీళ్ళు పొయ్యొద్దు, తలుపు తియ్యొద్దు. ఆ రోజు అమ్మకి సెలవు.

నీ చెల్లెలు,
నివేద